పాతరగడ్డికి తోడు కావాలి

దల్లీ రాజహర గనుల ఇనుప ఖనిజం, నందిని గనుల సున్నపురాయి, బొగ్గు నుంచి తీసిన కోక్ - ఈ మూడూ కలిస్తేనే 1959లో ప్రారంభమైన భిలాయి కొలిమిలో ఇనుము కరిగింది. వాటిలో ఏ ఒక్కటి కొరవడినా కొలిమి సాగదు. ఆవు కడుపూ అటువంటి కొలిమే.

ఆ ఉక్కు నగరం చుట్టూ ఉన్నది వరి పండే సీమ. వేసవిలో పచ్చిక మాడిపోగానే పశువుకు మిగిలేది వరిగడ్డి. అందులో మాంసకృత్తులు నాలుగు శాతానికి అటూ ఇటూ మాత్రమే. దానికన్నా మేలైనది పాతరగడ్డి. గింజ పాలుపోసుకొని గట్టిపడే వేళ మొక్కజొన్నను కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండా గోతిలో తొక్కి కప్పితే అది పులిసి, నెలల తరబడి చెడకుండా ఉంటుంది.

అయితే పాతర ఉన్నదానిని దాచగలదు గాని లేనిదానిని పుట్టించలేదు. మొక్కజొన్న పాతరలో శక్తి పుష్కలం. మాంసకృత్తులు మాత్రం ఎండు బరువులో సుమారు 8 శాతమే. కాల్షియం, ఉప్పు తక్కువ. రోజుకు పది లీటర్లిచ్చే ఆవుకు మొత్తం మేతలో 12 శాతమైనా మాంసకృత్తులు ఉండాలి. ఆ లోటు తీరకపోతే ఆవు కొన్నాళ్లు తన కండనే కరిగించి పాలిస్తుంది. ఆపైన పాలు తగ్గుతాయి, ఎదకు రావడం ఆలస్యమవుతుంది.

పచ్చిమేతను ఆమ్లంతో నిలవచేసే పద్ధతిని కనిపెట్టి 1945లో నోబెల్ బహుమతి పొందిన ఫిన్లండ్ శాస్త్రజ్ఞుడు విర్తానెన్, 1960లలో మరొక వింతను నిరూపించాడు. మాంసకృత్తులు లేని మేతకు యూరియా, అమ్మోనియం లవణాలు చేర్చి పెట్టినా ఆవులు పాలిచ్చాయి. ఆవు పొట్టలోని మొదటి అరలో నివసించే సూక్ష్మజీవులు అమ్మోనియా నుంచే మాంసకృత్తులను నిర్మించుకుంటాయి. ఆ సూక్ష్మజీవులే తరువాత ఆవుకు ఆహారమవుతాయి. భిలాయి కోక్ బట్టీల అమ్మోనియా ఎరువుగా మారి పైరుకు బలమిస్తుంది; ఆవు పొట్టలో అదే అమ్మోనియా పాలకు దారితీస్తుంది.

కాని యూరియా కత్తివంటిది. దాణాలో నూటికి ఒక వంతు మించితే ప్రమాదం. నీళ్లలో కలిపి పెట్టరాదు. ఆరు నెలలు నిండని దూడలకు అసలే పనికిరాదు. సామాన్య రైతుకు క్షేమమైన మార్గం పాతదే: పాతరగడ్డితోపాటు వేరుశనగ చెక్కో, అవిసె చెక్కో, తవుడు, కొంత పచ్చి బర్సీం, దాణాలో ఖనిజ లవణాల మిశ్రమం, చిటికెడు ఉప్పు. పాలను బట్టి దాణా పెంచాలి. రెండున్నర లీటర్లకు కిలో చొప్పున అన్నది వాడుకలో ఉన్న లెక్క.

పాతర నింపడం వేసవికి ముందుచూపు. దానికి తోడు సమకూర్చడం ఆవు పట్ల న్యాయం.