పత్రంలో కనబడని ఋణం

అప్పుతో కొన్న కారు ఆర్.సి.లో ఋణదాత పేరు నమోదు కాకపోవడం కద్దు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ప్రకారం ఆ పేరుంటే, అతని లిఖితపూర్వక సమ్మతి లేనిదే యాజమాన్య బదిలీ నమోదు కాదు. పేరు లేకుంటే ఆ అడ్డు తొలగుతుంది, ఋణం తొలగదు. "పత్రం నిర్మలంగా ఉన్నది కదా, అమ్మితే దోషమేమి?" అనే వాదం ఇక్కడే పుడుతుంది.

మనుస్మృతి చెప్పిన అష్టాదశ వ్యవహారపదాలలో ఋణాదానం మొదటిది, అస్వామివిక్రయం మూడవది. కారు యజమాని అస్వామి కాడు, నిజమే. వాదప్రియులకు అదొక ఊరట. అయినా ఆధిలో ఉన్న వస్తువును నిర్బాధమని నమ్మించి అమ్మినవాడు తనది కాని అంశాన్ని కూడా అమ్మినట్లే. పైగా, ఆ తరువాత వ్యాజ్యభయం మోయవలసినవాడు ఏమీ ఎరుగని క్రేత. అమ్మదలచినవాడు బాకీ సంగతి ముందే చెప్పి, క్రేత ఇచ్చే సొమ్ములో ఆ మేరకు నేరుగా ఋణదాతకే కట్టించి, నిరభ్యంతర పత్రం చేతికిచ్చాకే తాళాలు అప్పగించాలి.