మేడ దిగిన పాట
గెలుపు పాటలంటే నాకు మొదటినుంచీ కాస్త అనుమానమే. కష్టపడ్డాను, పైకొచ్చాను, నువ్వూ రా అంటూ చాలావరకు మేడ మీదనుంచే పిలుస్తాయవి. బిల్ విథర్స్ 1972లో పాడిన 'లీన్ ఆన్ మీ' అలా పిలవదు. వెస్ట్ వర్జీనియాలోని స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గుగనుల ఊరివాడు, నత్తితో పెరిగినవాడు, తొమ్మిదేళ్లు నౌకాదళంలో పనిచేసి, ఆ తర్వాత విమానాలకు మరుగుదొడ్లు బిగించే ఫ్యాక్టరీలో చేరినవాడు ఆయన. 1971లో వచ్చిన తొలి ఆల్బమ్ అట్ట మీద చేతిలో క్యారేజీతో నిలబడిన కార్మికుడే కనిపిస్తాడు. పాటల్ని నమ్ముకుని ఉద్యోగం వదిలెయ్యడానికి జంకాడు కూడా (ఆ జంకు నాకు భలే నచ్చుతుంది). లాస్ ఏంజిలిస్‌లో స్థిరపడ్డాక ఇరుగుపొరుగు లేని ఒంటరితనం పట్టుకుంది. అప్పుడు, ఒకరికొకరు ఆసరాగా బతికిన సొంతూరిని తలుచుకుని కట్టిన పాట ఇది. వేళ్లు పియానో మీటల మీద వరసగా ఎక్కి దిగుతాయంతే, బాణీలో గారడీ ఏమీ లేదు. కానీ అందులో ఒక గొప్ప మర్యాద ఉంది: ఇవాళ నువ్వు నా మీద ఆనుకో, రేపు నాకూ నీ అవసరం పడుతుంది అంటాడు. ఓదార్పు పొందేవాడు చిన్నబోడు, ఇచ్చేవాడు పెద్దరికం చేయడు. మన స్ఫూర్తి గీతాల్లో నాకు తరచూ దొరకనిది ఇదే. అమెరికాలో అగ్రస్థానానికి చేరిన ఈ పాట రాసిన మనిషి 1985 తర్వాత మరో ఆల్బమ్ చేయకుండా ఇంటిపట్టున ఉండిపోయాడు. దాన్ని వైఫల్యం అనేవాళ్లతో నేను ఏకీభవించను.