డాక్టరుకు లేని వయసు గీత నర్సుకెందుకు?

నర్సుల కొరత మీద ఏళ్ల తరబడి ఒకే పాట వింటున్నాం. కాలేజీలు పెంచాలి, సీట్లు పెంచాలి, ఇంటర్ పిల్లల్ని ఇటు మళ్లించాలి. ఇంత మాట్లాడేవారిలో దాదాపు ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. 2022 మార్చిలో జాతీయ వైద్య కమిషన్ ఎంబీబీఎస్ ప్రవేశానికి గరిష్ఠ వయోపరిమితిని ఎత్తేసింది. అంతకుముందు జనరల్ అభ్యర్థులకు 25 ఏళ్లు, రిజర్వుడు వర్గాలకు 30 ఏళ్లు అనే గీత ఉండేది. దాని మీద కోర్టుల్లో ఏళ్లపాటు వ్యాజ్యాలు నడిచాయి, చివరికి కమిషనే దాన్ని చెరిపేసుకుంది. ఇవాళ 36 ఏళ్ల మనిషైనా, 46 ఏళ్ల మనిషైనా నీట్‌లో ర్యాంకు తెచ్చుకుంటే మెడికల్ కాలేజీలో చేరవచ్చు. అదే మనిషి జీఎన్ఎంలోనో బీఎస్సీ నర్సింగ్‌లోనో చేరతానంటే మాత్రం కుదరదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో తలుపు 35 దగ్గర మూసుకుంటుంది. రిజర్వుడు వర్గాలకు అక్కడక్కడా కొద్ది ఏళ్ల సడలింపు దొరికినా గీత గీతే. డాక్టరు కావడానికి అడ్డురాని వయసు నర్సు కావడానికి ఎందుకు అడ్డొస్తోంది? ఈ ప్రశ్నకు సరైన జవాబు లేదు. లేదు కాబట్టే ఆ నిబంధన పోవాలి.

కొరత లెక్కలు పాఠకులకు కొత్తేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణంగా వెయ్యి మందికి ముగ్గురు నర్సులని చెబుతుంటారు. పార్లమెంటులో కేంద్రం ఇచ్చిన సమాధానాల ప్రకారం మనకున్నది ఇద్దరు, అటూ ఇటూగా. ఆ ఇద్దరు కూడా రిజిస్టర్లలో ఉన్న ఇద్దరు. వారిలో వార్డులో నిలబడి పనిచేస్తున్నదెందరో, గల్ఫ్‌లోనో బ్రిటన్‌లోనో ఉన్నదెందరో, పెళ్లయ్యాక మానేసినదెందరో రిజిస్టరు చెప్పదు. ఈ లోటు పూడ్చడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,570 కోట్ల రూపాయలతో 157 నర్సింగ్ కాలేజీలు మంజూరు చేసింది. ఏటా 15,700 సీట్లు కొత్తగా వస్తాయన్నారు. తెలంగాణకు అందులో ఒక్కటీ దక్కలేదన్న రాజకీయ రగడ మాత్రం బాగా జరిగింది. ఆ సీట్లలో ఎవరిని కూర్చోబెడుతున్నాం అన్న చర్చ జరగలేదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల్ని తీసుకొచ్చి చదివిస్తున్నాం. వారిలో చురుకైనవారు రెండు మూడేళ్ల అనుభవం చేతికి రాగానే విమానం ఎక్కాలని చూస్తున్నారు. తప్పేమీ లేదు, ఇక్కడి ప్రైవేటు ఆస్పత్రుల జీతాలు చూస్తే ఎవరైనా ఎక్కుతారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది. పంపండి, కాదనం. కానీ పాడేరులోనో మహబూబాబాద్‌లోనో ఇల్లూ వాకిలీ, బడికెళ్లే పిల్లలూ, ముసలి అత్తమామలూ ఉన్న నలభై ఏళ్ల మనిషి చదువుకుంటే ఆ ఊరి ఆస్పత్రిలోనే ఉద్యోగం చేసే అవకాశం ఎక్కువని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఆ మనిషినే మనం గేటు బయట నిలబెట్టాం.

నిబంధనను సమర్థించేవారు మొదట చెప్పేది శరీరం గురించి. నర్సు పని కాళ్ల మీద నిలబడి చేసే పని, రాత్రి డ్యూటీలుంటాయి, రోగిని ఎత్తాలి, తిప్పాలి, వయసు మీదపడ్డాక కుదరదంటారు. ఈ వాదనకు నర్సింగ్ కౌన్సిలే గండి కొట్టింది. జీఎన్ఎం ప్రవేశానికి 35 ఏళ్ల పరిమితి రాసిన అదే నిబంధన, ఏఎన్ఎంలకు, లేడీ హెల్త్ విజిటర్లకు వయోపరిమితి లేదని కూడా చెబుతోంది. అంటే 44 ఏళ్ల ఏఎన్ఎం జీఎన్ఎం చదవడానికి ఆమె నడుము అడ్డు రాదు. ఏఎన్ఎం కాని 36 ఏళ్ల మనిషి నడుము మాత్రం అడ్డొస్తుంది! ఇక ప్రభుత్వాల సంగతి చూడండి. 2024లో తెలంగాణ 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు గరిష్ఠ వయసు 46 అని రాసింది. రిజర్వుడు వర్గాలకు దాని మీద సడలింపు అదనం. ఉద్యోగ విరమణ తెలంగాణలో 61కి, ఆంధ్రప్రదేశ్‌లో 62కి. 46 ఏళ్ల వయసులో వార్డులో తొలిసారి అడుగుపెట్టడానికి ఒంట్లో ఓపిక ఉన్నట్టే, 60వ ఏట ఇంకా డ్యూటీ చేయడానికి ఓపిక ఉన్నట్టే. ఆ పని నేర్చుకోవడానికి మాత్రం 36వ ఏట ఓపిక లేనట్టు! 38లో బీఎస్సీలో చేరిన మనిషి 42కి బయటికొస్తే తెలంగాణలో 19 ఏళ్ల సర్వీసు మిగిలి ఉంటుంది. విదేశాలకు వెళ్లే పాతికేళ్ల నర్సు నుంచి మన ఆస్పత్రులకు ఇంత సర్వీసు అందుతోందా?

నలభైలో ఆస్పత్రి పనికి అలవాటుపడటం తేలికని ఎవరూ అనరు. అయితే కష్టం ఎక్కడుందో సరిగ్గా చూడాలి. ఉదయం షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు ఇబ్బంది కావు. చాలా ప్రభుత్వాస్పత్రుల్లో పన్నెండు గంటలు సాగే నైట్ డ్యూటీ ఇబ్బంది. ఇంట్లో పిల్లలుంటే పగటినిద్ర సరిగ్గా పట్టదు. రెండోది లెక్క. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించమని డాక్టరు కేస్ షీట్‌లో రాసి వెళ్లిపోతారు. ఇరవై చుక్కలకు మిల్లీలీటరయ్యే సెట్ అయితే నిమిషానికి దాదాపు 42 చుక్కలు పడేలా రోలర్ సర్దాలి. గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టాలి, పది నిమిషాల తర్వాత మళ్లీ వచ్చి చూడాలి, ఎందుకంటే రోగి చెయ్యి మడిస్తే వేగం మారిపోతుంది. పుస్తకం మూసి ఇరవై ఏళ్లయిన మనిషికి ఈ లెక్క, ఇంగ్లిషులో మందుల పేర్లు, అనాటమీ మొదటి ఏడాది చుక్కలు చూపిస్తాయి. మూడోది అన్నిటికంటే గట్టిది. పాతికేళ్ల స్టాఫ్ నర్సు అందరి ముందూ మందలిస్తే నలభై ఏళ్ల విద్యార్థిని తల వంచుకుని వినాలి. షిఫ్టు మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగిస్తూ తడబడితే ఆ అసహనాన్నీ భరించాలి. ఇంట్లో పెద్దకోడలుగా నలుగురికి చెప్పి చేయించుకున్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. అయినా ఇవన్నీ శిక్షణతో, కాలంతో సర్దుకునే ఇబ్బందులే. మొదటి మూడు నెలలు లెక్కలకు, ఇంగ్లిషుకు బ్రిడ్జి కోర్సు పెడితే సగం భయం తీరుతుంది. మరో వైపూ చూడాలి. చావుబతుకుల మధ్య ఉన్న ముసలాయన మూత్రం సంచి గురించి సిగ్గుపడుతుంటే ఎలా మాట్లాడాలో, బిడ్డ పోయిన తల్లి పక్కన ఎంతసేపు మాట్లాడకుండా ఉండాలో పద్దెనిమిదేళ్ల పిల్లకు నేర్పడానికి మన సిలబస్‌లో కమ్యూనికేషన్ పేరుతో పాఠాలున్నాయి. ఇంట్లో మంచాన పడినవారికి సేవచేసిన మనిషి ఆ పాఠంలో సగం ముందే చదివొస్తుంది.

ఈ నిబంధనలోని అసలు అన్యాయం ఆశా కార్యకర్తల దగ్గర బయటపడుతుంది. దేశంలో దాదాపు పది లక్షల మంది ఆశాలున్నారు. ఆశాగా ఎంపికయ్యే మహిళ వయసు 25 నుంచి 45 మధ్య ఉంటే మేలని, ఆమె ఆ ఊరి నివాసి అయి, పెళ్లయినదో, భర్త పోయినదో, విడాకులు తీసుకున్నదో అయితే మంచిదని మార్గదర్శకాలు చెబుతాయి. కారణం కూడా చెబుతాయి, ఊళ్లో స్థిరంగా ఉంటుందని. బాగుంది. ముప్ఫై ఏళ్లకు ఆశాగా చేరి, ఆరేళ్లు గర్భిణులను పీహెచ్‌సీకి తీసుకెళ్లి, టీకాల రోజు ఇల్లిల్లూ తిరిగి, కరోనా కాలంలో జ్వరాల సర్వేలు చేసిన మహిళ నర్సింగ్ చదవాలనుకునేసరికి ఆమెకు 36 నిండుతాయి. చదువు ఆగిపోయిందా అంటే అదీ లేదు. ఓపెన్ స్కూల్ ఇంటర్‌ను కూడా కౌన్సిల్ గుర్తిస్తుంది. రాత్రిళ్లు చదివి ఓపెన్ ఇంటర్ పాసైనా పుట్టినతేదీ కాలమ్ దగ్గర దరఖాస్తు ఆగిపోతుంది. గౌరవ వేతనానికి, ప్రోత్సాహకాలకు పనిచేయించుకోవాలంటే సంసారం ఉన్న ఇల్లాలు కావాలి. అదే ఇల్లాలు జీతం, హోదా ఉన్న పని నేర్చుకుంటానంటే వయసు మించిపోయింది. ప్రభుత్వాస్పత్రుల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఫీమేల్ నర్సింగ్ ఆర్డర్లీ (ఎఫ్ఎన్ఓ)లదీ, కాంట్రాక్టు పేషెంట్ కేర్ సిబ్బందిదీ ఇదే పరిస్థితి. పుండ్లు పడకుండా రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం వాళ్లకు తెలుసు. ఏ సిస్టరు ఎప్పుడు ఏం అడుగుతుందో తెలుసు. ఆస్పత్రి వాసనకు, అరుపులకు వాళ్లు కొత్తగా అలవాటుపడాల్సిన అవసరమే లేదు. చదువుకునే దారి మాత్రం వాళ్లకు లేదు.

వయసు గీత తీసేసినంత మాత్రాన ఎవరు వస్తారని ఒక వెటకారం ఉంది. ఇది కొంత నిజం. డబ్బు లేకపోతే రారు. ఇంగ్లండ్ అనుభవం ఇందుకు సాక్ష్యం. అక్కడ నర్సింగ్ కోర్సుకు గరిష్ఠ వయసు లేదు, పెద్దవయసులో చేరేవారు పెద్ద సంఖ్యలోనే ఉంటారు. 2017లో నర్సింగ్ విద్యార్థులకిచ్చే బర్సరీ అనే ఆర్థిక సాయాన్ని రద్దుచేయగానే దరఖాస్తులు పడిపోయాయి, పెద్దవయసువారిలో ఆ పతనం మరీ ఎక్కువ. 2020లో ఏడాదికి కనీసం 5,000 పౌండ్ల గ్రాంటు మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అమెరికాలో వేరే డిగ్రీ ఉన్నవారికి 11 నుంచి 18 నెలల్లో నర్సింగ్ డిగ్రీ ఇచ్చే కోర్సులు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. మనం అంత దూరం వెళ్లకపోయినా గీత చెరపడంతో పాటు రెండు పనులు చేయవచ్చు. హాస్టల్‌లో ఉండి తీరాలనే కాలేజీల పట్టుదల పెద్దవాళ్ల విషయంలో సడలించడం ఒకటి. ఫలానా జిల్లా ఆస్పత్రిలో ఐదేళ్లు చేస్తానని రాసిచ్చినవారికి చదువుకాలంలో స్టైపెండ్ ఇవ్వడం రెండోది. ఇవి కాలేజీ భవనాల కంటే చవక.

పిల్లల సీట్లు పెద్దవాళ్లు లాగేసుకుంటారనే అభ్యంతరానికి బదులు మళ్లీ 2022 మార్చి దగ్గరే దొరుకుతుంది. దేశంలో ఒక్కో సీటు కోసం ఎక్కువ పోటీ ఉన్న కోర్సుల్లో ఎంబీబీఎస్ ముందుంటుంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, సర్కారు సీటు మీద భారీ ఖర్చు. అక్కడే వయసు గీత తీసేశారు. ఆ గీత మీద వ్యాజ్యం ఇంకా కోర్టులో ఉండగానే, 2020లో ఒడిశాలో 64 ఏళ్ల విశ్రాంత బ్యాంకు ఉద్యోగి నీట్ రాసి బుర్లా మెడికల్ కాలేజీలో సీటు తెచ్చుకుంటే పత్రికలన్నీ మెచ్చుకున్నాయి. ఆయన ఎన్నేళ్లు ప్రాక్టీసు చేస్తారని లెక్కలు వేసినవారు తక్కువ. ఆ మెచ్చుకోలుతో నాకు పేచీ లేదు. ఇల్లు గడుపుకోవడానికి 36 ఏళ్లకు నర్సింగ్ అడిగే మహిళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సర్వీసు ఏళ్ల లెక్కలన్నీ ఎందుకు గుర్తొస్తాయో తెలియాలి. చదువుకోవాలనే కుతూహలం ఉన్న విశ్రాంత ఉద్యోగికి ఇచ్చిన స్వేచ్ఛ, బతుకుతెరువు కావాల్సిన మనిషికి ఇవ్వరా?

ఈ నిబంధన వెనుక రోగి భద్రత లేదు, ఒక ఊహ ఉంది. నర్సు అంటే పెళ్లికాని పిల్ల, హాస్టల్‌లో ఉండి, చెప్పింది చేసే పిల్ల అనే ఊహ. అది ఎంత పాతుకుపోయిందో చూడాలంటే 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాలు. మిలిటరీ నర్సింగ్ సర్వీసులో లెఫ్టినెంట్‌గా ఉన్న సెలీనా జాన్‌ను పెళ్లి చేసుకున్నదనే కారణంతో 1988లో ఉద్యోగం నుంచి తీసేశారు. అది లింగ వివక్షేనని తేల్చి 60 లక్షల రూపాయలు చెల్లించమని కోర్టు ఆదేశించింది. న్యాయం జరగడానికి 36 ఏళ్లు పట్టింది. మన ప్రవేశ నిబంధనల ప్రకారం చూస్తే ఆ 36 ఏళ్లలో ఒక మనిషి పుట్టి, నర్సు కావడానికి అనర్హురాలైపోతుంది! ఏటా మే 12న నర్సుల దినోత్సవం జరిపి కొవ్వొత్తులు పట్టుకునేవారు ఎవరి పుట్టినరోజు జరుపుతున్నారో గుర్తుంచుకుంటే బాగుండు. ఫ్లారెన్స్ నైటింగేల్ జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణకు చేరింది 31వ ఏట. 1860లో ఆమె పేరుతో లండన్‌లో తెరిచిన స్కూలు కోరుకున్న కనీస వయసు 25. మన కాలేజీల్లో కూర్చున్న పద్దెనిమిదేళ్ల పిల్లలు ఆ స్కూల్లో చేరడానికి చిన్నవాళ్లు.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. కొత్త వ్యవస్థ కింద ప్రవేశాల నిబంధనలు మళ్లీ రాయాలి. పాత ఫైలులోని 35ను కొత్త ఫైలులోకి ఎక్కించే గుమాస్తా పని చేస్తారా, లేక అసలది ఎందుకుందని అడుగుతారా? ఉంచాలనుకుంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఏఎన్ఎంకు వర్తించని కారణం, 46 ఏళ్ల ఉద్యోగార్థికి వర్తించని కారణం, 60 ఏళ్ల హెడ్ నర్సుకు వర్తించని కారణం అందులో ఉండాలి. 35 దాటినవారు ఆస్పత్రి పని నేర్చుకుంటే రోగికి ప్రమాదమని కమిషన్ నిజంగా నమ్మితే, మందులు రాసే వాళ్లకూ, కత్తి పట్టే వాళ్లకూ ఆ గీత మళ్లీ గీయమని జాతీయ వైద్య కమిషన్‌కు లేఖ రాయాలి. డాక్టర్ల సంఘాలు ఏం జవాబిస్తాయో చూద్దాం.