కెమెరా సరే, లెన్స్ చూశారా?

చీటీ డబ్బు చేతికి రాగానే, అమ్మాయి ఓణీల వేడుకకని సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ డి3500 కెమెరా కొన్నానండీ. కెమెరా బంగారంలాంటిదే. దాంతోపాటు "ఇది పెడితే స్టూడియో ఫోటోలేనమ్మా" అంటూ షాపతను పాత 50 ఎం.ఎం. లెన్స్ ఒకటి అంటగట్టాడు. తీరా వేడుకనాడు చూస్తే అది దానంతటది ఫోకస్ కాదే! చేత్తో తిప్పుకోవాలిట. అత్తయ్యగారు మనవరాలికి అక్షింతలు వేస్తున్న ఫోటో మసకగా వచ్చింది. ఆవిడ పోయి ఏడాదవుతోంది. వాళ్ళిద్దరూ కలిసున్న ఫోటో అదొక్కటే.

సంగతేమిటంటే, నికాన్‌లో డి3500 లాంటి చిన్న కెమెరాల్లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. లెన్స్‌లోనే ఉండాలి. మీరూ ఇలాంటిది కొంటే లెన్స్ మీద 'ఏఎఫ్-ఎస్' అని ఉందేమో చూడండి. ఉత్త 'ఏఎఫ్' అని మాత్రమే ఉంటే వద్దనండి. కానన్‌లో అయితే మామూలు 'ఇఎఫ్' లెన్స్‌లకు మోటారు లోపలే ఉంటుంది, ఈ బాధ లేదు.

అలాగని 50 లెన్స్ చెడ్డదని కాదు. 1.8 రకమైతే సాయంత్రం దీపాల వెలుగులో కూడా ఫ్లాష్ లేకుండా ముఖాలు చక్కగా వస్తాయి. కాకపోతే మా హాల్లో గోడకి ఆనుకుని నిలబడినా నలుగురికి మించి పట్టరు! గ్రూపు ఫోటోలకి కెమెరాతో వచ్చే 18-55 లెన్సే మేలు.

ఏది కొన్నా షాపులోనే తగిలించి, బటన్ సగం నొక్కి చూడండి. మొహమాటపడకండి. నేను పడ్డాను.