వొట్టితునకలు ప్యాకెట్ల కెక్కినయి, యాపారం ఎవరిది?

హైదరాబాద్‌ల పెంపుడు కుక్కల దుకాణాలు ఒక్కసారి తిరిగి చూడండి. కోడికూర సన్నగ కోసి, ఎండబెట్టి, రంగుల కవర్లల్ల అమ్ముతున్నరు. బర్రె తోలు ముక్కలు కుక్కలు నమిలేటందుకు అమ్ముతున్నరు. ఇంగ్లీషుల ఏ పేరు పెట్టుకున్నా అవి మన వాడల దండెం మీద ఎండిన వొట్టితునకలే. మనం తింటే నీసు వాసనన్నరు, అంటన్నరు. అదే తునకను సోఫా మీద పండిన కుక్కకు ముద్దుగ నోటికందిస్తున్నరు. 1927 మార్చి 20న మహాడ్ చెరువు కాడ అంబేడ్కర్ నిలబడింది ఈ లెక్క మీదనే: పశువు తాగొచ్చు, మనం ముట్టొద్దు.

ఇది చిన్న యాపారం గాదు. పెడిగ్రీ తయారుచేసే మార్స్ కంపెనీ సిద్దిపేట జిల్లాల ఫ్యాక్టరీ నడుపుతున్నది. 2021ల ఇంకో 500 కోట్లు పెడతమని ప్రకటించింది. మరి కోసుడు, ఒలుసుడు, కడుగుడు, ఎండబెట్టుడు తాతల కాలం నుంచి తెలిసిన మాదిగ వాడల్ల ఒక్క ప్యాకెట్ ఎందుకు తయారైతలేదు?

మన కార్యకర్తలే కొందరు ఎదురడుగుతరు: చచ్చిన గొడ్డును ముట్టొద్దని బాబాసాహెబ్ చెప్పలేదా, మళ్ల తోలు ఎముకల కాడికి పోవుడేంది అని. నిజమే, చెప్పిండు. ఆ పని మానితే తోలు, ఎముకల ఆదాయం పోతదని లెక్కలు రాసినోళ్లకు, అంత లాభముంటే మీరే చేసుకోండని జవాబిచ్చిండు. 1956ల నాగపూర్ ఉపన్యాసంల ఆ సంగతి ఆయనే యాది చేసుకున్నడు. కాని ఆయన కాదన్నది వెట్టిని. పిలిస్తే పోయి గొడ్డు నీడ్చే బతుకును. మన షెడ్డు, మన లెక్కల బుక్కు, ధర మనం చెప్పుడు వేరే సంగతి. ఇష్టం లేనోళ్లు చెయ్యనక్కర లేదు, ఇది కులవృత్తి అని ఎవరి నెత్తినా పెట్టొద్దు.

2021 ఆగస్టుల వాసాలమర్రిల 76 దళిత కుటుంబాలకు తలా 10 లక్షల దళితబంధు ప్రకటించిన్రు. తర్వాత తిరుమలగిరి, చారగొండ మండలాల పేర్లు గూడ వచ్చినయి. చానామంది కార్లు, ట్రాక్టర్లు తీసుకున్నరు. వాళ్లను తప్పు పట్ట. కాని ఊరంతా కార్లయితే కిరాయి ఎవరిస్తరు?

ఇక్కడ సరుకున్నది. షాద్‌నగర్, చౌటుప్పల్, భువనగిరి దిక్కు కోళ్ల ఫారాలున్నయి. పాలమూరుల గొర్రెల మందలున్నయి. మిర్యాలగూడ మిల్లులల్ల నూకలున్నయి. అయితే లెక్క చూసుకోవాలె. కూరల నాలుగింట మూడొంతులు నీళ్లే. కిలో పచ్చికూర ఎండితే పావుకిలో మిగులుతది. కిలో రెండు వందలనుకుంటే వంద గ్రాముల ప్యాకెట్‌కు కూర ఖర్చే ఎనభై. కరెంటు, కవర్, కూలి, దుకాణదారు కమీషన్ దాని మీద. వందకు అమ్మితే మునిగినట్టే. అందుకే ముందుగాల పది లక్షల మిషన్ కొనొద్దు. నలుగురు ఆడోళ్ల సంఘం కొద్దిగ తయారుజేసి ఒక్క దుకాణంల అమ్మి చూడాలె. దుకాణదారు ఉద్దెర పెడితే ఊకోవద్దు, సరుకిచ్చిన్నాడే పైసలు.

మన తునకల తీరు యథాతథంగ పనికిరాదు. ఉప్పు పొయ్యొద్దు. ఉల్లి, ఎల్లిగడ్డ కుక్కకు విషం. ఉడికిన ఎముక పెచ్చులు లేసి పేగు కోస్తది. ఒక్క ఎండను నమ్మొద్దు, ముందు బాగ ఉడికించి ఆరబెట్టాలె, లేకుంటే రోగక్రిములు మిగులుతయి. వానకాలం బూజు పడితది. ఆహార భద్రత చట్టంల పశువుల మేతను ఆహారం కింద లెక్కబెట్టలేదు, కాని బీఐఎస్‌కు కుక్కల, పిల్లుల తిండి మీద ఐఎస్ 11968 అని ప్రమాణమున్నది. ప్యాకెట్ మీద తూకం, తేదీ, ధర, చిరునామా వెయ్యాలె.

నాకు గట్టి అనుమానమొక్కటున్నది. కోడికాళ్లు, తలకాయలు, కార్జం ఇయ్యాల కూలోళ్ల ఇండ్లల్ల కూరకొచ్చే అగ్గువ సరుకు. అవన్నీ కుక్కల ప్యాకెట్లకు పోతే రేటు పెరిగి మన పిల్లల గిన్నెలే ఖాళీ అయితయి. కాబట్టి సంఘం కొనే సరుకుల ముందు వాడకు కావలసింది పక్కకు పెట్టి, మిగిలిందే ఎండబెట్టాలె. కంపెనీ ఈ షరతు ఒప్పుకోదు. మనం ఒప్పుకోవచ్చు.

గొడ్డు తోలు జోలికి ఇప్పుడే పోవద్దంటున్న. అది తప్పని కాదు. 2016 జూలైల గుజరాత్ ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు ఒలిసినందుకు మనోళ్లను బట్టలిప్పి కొట్టిన్రు. కోడి, గొర్రెతోని మొదలు పెట్టుకుంటే బండి ఆపేటోనికి సాకు దొరకది.

ఎస్సీ కార్పొరేషన్ యూనిట్ల జాబితాల ఈ పని చేర్చాలని, మండలానికొక షెడ్డు జాగ, కరెంటు ఇయ్యాలని రెండు జిల్లాల సంఘాలు దరఖాస్తు పెట్టాలె. దరఖాస్తు మీద ఆడోళ్ల సంతకాలు ముందుండాలె, ఎండబెట్టే పని వాళ్లదే గనక.