పొట్లం కాదు, పప్పూ గుడ్డూ కావాలె

"బిడ్డ బొద్దుగున్నడు, మంచిగున్నడు" అని వాడల్లో మురిసిపోతున్నాం. బొద్దుతనం బలం కాదు. చిన్ననాటి కొవ్వు పెద్దయినాక షుగరై, బీపీయై పట్టుకునే ముప్పుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో ఐదేండ్ల లోపు పిల్లల్లో అధిక బరువున్నోళ్లు 2015-16లో నూటికి ఒక్కరు కూడా లేరు. 2019-21 నాటికి ముగ్గురు దాటారు. అదే కాలంలో ఎత్తు ఎదగని పిల్లలు నూటికి 28 నుంచి 33కు పెరిగారు. గిడసబారుడూ, కొవ్వు పట్టుడూ రెండూ పేదింటికీ వస్తున్నాయి.

ఎందుకిట్ల? జనగామలో పత్తి ఏర, మానుకోటలో మిర్చి ఏర తల్లి పొద్దుగాలే పోతుంది. ఏడ్చే పిల్ల చేతిల ఐదు రూపాయల పొట్లం పెడుతుంది. అండ్ల ఉప్పు, నూనె, చక్కెరే తప్ప సత్తువ లేదు. ఆ తల్లిని తప్పుపట్టేటోళ్లు, బిడ్డను చూసే దిక్కెవరని ఏనాడైనా అడిగిండ్రా?

ఆరు నెలలు తల్లిపాలే. తర్వాత మెత్తటి పప్పన్నం, తైద జావ, గుడ్డు, ఆకుకూర. రెండేండ్ల దాకా చక్కెర వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లోనే చెప్పింది. చాయ, బిస్కెట్ అలవాటు మానాలె.

కానీ తల్లి ఒక్కతే ఏం చేస్తది? ఆరేండ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని వాడ అడిగితే మూడు నెలల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న ఆదేశించింది. ఎస్సీ, ఎస్టీ వాడలకే మొదటి వంతు అన్నది. జనగామ మాదిగవాడల నుంచి మానుకోట తండాలు, భూపాలపల్లి గూడేల దాకా పిల్లల పేర్లు రాద్దాం, దరఖాస్తులు పెడదాం. కూలి వేళకు తలుపు తెరవాలని గట్టిగా అడుగుదాం. ఇది దయ కాదు, మన పిల్లల హక్కు.

జై భీమ్!