తెలియదు అనడం కూడా విద్యే

అమీర్‌పేటలో నక్షత్రాలను వెదకడం కష్టమైన పని. మైత్రీవనం చుట్టూ శిక్షణా కేంద్రాల బోర్డులు, మెట్రో స్టేషను దీపాలు, పంజాగుట్ట వైపు సాగే వాహనాల వెలుగు అన్నీ కలిసి ఆకాశాన్ని కప్పివేస్తాయి. అయినా ఒక సాయంత్రం, మగ్రిబ్ నమాజు తరువాత డాబా మీద పాఠానికి కూర్చున్న మా విద్యార్థులలో ఒకడు ఉన్నట్టుండి లేచి, "హజ్రత్! ఆ నక్షత్రం నడుస్తోంది!" అన్నాడు.

మేము తల ఎత్తి చూసి, "అది విమానం బేటా, కూర్చో" అన్నాము. బాలుడు కూర్చున్నాడు గాని, "విమానమైతే ఎర్రదీపం మిణుకుమిణుకుమనాలి కదా హజ్రత్, శబ్దం కూడా లేదు" అని మెల్లగా అన్నాడు. "పెద్దలు చెప్పిన తరువాత వాదించరాదు" అని మేము పుస్తకం తెరిచాము. కొద్ది క్షణాలకు ఆ వెలుగు తూర్పున భవనాల వెనుకకు దిగకముందే, మబ్బు లేని ఆకాశంలో మసకబారి మాయమైంది. బాలుడు మా వైపు చూశాడు. మా వద్ద జవాబు లేదు.

మరునాడు తెలిసినవారిని అడిగాము. అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో, రమారమి 90 నిమిషాలకొకసారి భూమిని చుట్టివస్తుంది. 2000 నవంబరు నుండి అందులో మనుషులు నిరంతరం నివసిస్తున్నారు. 2025లో మన దేశీయుడైన శుభాంశు శుక్లా అక్కడ 18 రోజులు గడిపారు. మనకు కనబడేది దాని సొంత వెలుగు కాదు, దానిపై పడిన సూర్యకాంతి. మనకు చీకటి పడినా అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది. భూమి నీడలోకి ప్రవేశించగానే అది కనుమరుగవుతుంది. అందుకే అది సూర్యాస్తమయం తరువాత కొంతసేపు, సూర్యోదయానికి ముందు కొంతసేపు మాత్రమే కనబడుతుంది.

బాలుడు చెప్పిన ప్రతి మాటా నిజమే. పొరబడినది మేము. తెలియక పొరబడడం మానవ సహజం. తెలియని దానిని తెలిసినట్లు చెప్పి, సరిగా చూసిన వాని నోరు మూయించడం మాత్రం అన్యాయం. ఆ సాయంత్రమే అందరి ఎదుట, "బేటా, నీవు సరిగా చూశావు, మేము తప్పు చెప్పాము" అన్నాము. ఆ మాట అనడం అంత సులభం కాలేదు. అన్న తరువాత మా గౌరవం తగ్గినట్లు మాత్రం తోచలేదు. మరుసటి పాఠంలో పిల్లలు మునుపటికంటె ఎక్కువ ప్రశ్నలు అడిగారు.

ఇమామ్ మాలిక్ (రహ్మ) అంతటి మహా పండితులు తమను అడిగిన అనేక ప్రశ్నలకు 'నాకు తెలియదు' అని జవాబిచ్చేవారని ప్రసిద్ధి. హజ్రత్ ఇబ్రాహీం (అలై) తన జాతివారికి తారను, చంద్రుణ్ణి, సూర్యుణ్ణి చూపి, అస్తమించేది దైవం కాజాలదని బోధించిన వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. ఆయన వారిని ఆకాశం వైపు చూడవద్దనలేదు, చూసి యోచించమన్నారు.

2007లో మలేషియాకు చెందిన షేక్ ముజఫర్ షుకూర్ రమజాన్ మాసంలో ఆ కేంద్రానికి వెళ్ళారు. రోజుకు 16 సూర్యోదయాలు కనబడే చోట నమాజు వేళలు ఎలా లెక్కించాలి? ఖిబ్లా ఏ దిక్కు? అక్కడి ఉలమా ఈ ప్రశ్నలను తోసిపుచ్చలేదు. బయలుదేరిన స్థలపు కాలమానం ప్రకారం 24 గంటలకు ఐదు నమాజులు చేయాలని, ఖిబ్లా విషయంలో శక్తి మేరకు ప్రయత్నించాలని మార్గదర్శకాలు రూపొందించారు.

అంత దూరం పోనక్కరలేదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల తరువాత మన పొరుగున ఉన్న బేగంపేటకు తరలింది. ప్రపంచ దేశాలు కలిసి నక్షత్రాల పట్టిక తయారుచేసినప్పుడు, ఆకాశంలో ఒక భాగం హైదరాబాదు వంతుకు వచ్చింది. ఇక్కడివారు ఏళ్ళ తరబడి ఫొటోలు తీసి, లక్షలాది నక్షత్రాల స్థానాలను కొలిచారు. ఆ ప్రాంగణం నేటికీ ఆ పేరుతోనే ఉంది. మన వీధుల పక్కనే అంత ఓపికతో ఆకాశాన్ని చూసినవారు ఉండగా, మేము ఒక్క క్షణం నిలిచి చూడలేకపోయాము.

తల్లిదండ్రులారా! ఆ కేంద్రం ఏ నిమిషాన, ఏ దిక్కున కనబడుతుందో నాసా వారి 'స్పాట్ ది స్టేషన్' సేవ ముందుగానే తెలుపుతుంది. నగర దీపాల నడుమ కూడా కంటికి ఆనేంత ప్రకాశం దానిది. ఒక సాయంత్రం పిల్లలతో డాబా ఎక్కండి. వారు అడిగిన దానికి జవాబు తెలిస్తే చెప్పండి. తెలియకపోతే, "తెలియదు నాన్నా, కనుక్కుందాం" అనండి. ఆ తరువాత మరచిపోకుండా కనుక్కోండి.

మొన్న మా విద్యార్థి గడియారం చూసుకుంటూ, మాకంటె ముందే వాయవ్యం వైపు వేలు చూపాడు. మేము మారు మాట్లాడక అటే చూశాము. సుబ్‌హానల్లాహ్!